ఆగదని తెలిసినా, ఆగదని ప్రూవ్ చేయలేమా? హాల్టింగ్, గోడెల్ రెండూ ఒకటేనా

అనంత_లూప్ (బెల్లందూర్, బెంగళూరు)

అందరికీ నమస్తే. మాది అనంతపురం, ఇక్కడ బ్యాకెండ్ పని చేస్తాండా. పోయిన వారం మా టీంలో ఒక రిట్రై లూప్ (ఫెయిలైన రిక్వెస్ట్‌ని మళ్ళీ మళ్ళీ పంపేది) ఆగకుండా రాత్రంతా తిరిగి క్లౌడ్ బిల్లు పెంచేసింది. తెల్లారి కాల్‌లో మేనేజర్ "మెర్జ్ చేసే ముందే ఈ కోడ్ ఆగుతుందా ఆగదా చెప్పే టూల్ ఒకటి రాసెయ్, ఏఐ ఉంది కదా" అన్నాడు. నేను హాల్టింగ్ ప్రాబ్లం, ఏ ప్రోగ్రాం ఆగుతుందో ముందే చెప్పే టూల్ ఉండదంట, అని ఏదో గొణిగినా, ఆయన "అదంతా సిలబస్‌లో, ఇది ప్రొడక్షన్" అని కొట్టిపారేసినాడు.

ఆ గొడవ సరే గానీ అప్పట్నుంచి బుర్రలో వేరేది తిరుగుతాంది. ఏ ప్రోగ్రాం తీసుకున్నా అది ఆగుతుంది లేదా ఆగదు, మూడోది లేదు కదా, అంటే జవాబు అయితే ఉంది. మరి "అన్‌డిసైడబుల్" అని ఎట్లంటారు? ఇంకోటి, ఆగని ప్రోగ్రాం ఆగదని ప్రూవ్ చేయలేకపోవచ్చు అంటారు, అదేం మాట, గట్టిగా కూర్చుంటే ఈరోజు కాకపోతే యాభై ఏళ్ళకి ఎవడో ఒకడు తెలివైనోడు చేస్తాడు కదా? వీడియోలు చూస్తే ఒకాయన ఇదే గోడెల్ సిద్ధాంతం, అంటే ప్రూవ్ చేయలేని నిజాలుంటాయన్నది, అంటాడు, ఇంకొకాయన దీనికీ గోడెల్‌కీ సంబంధం లేదంటాడు. బీటెక్‌లో టీఓసీ (థియరీ ఆఫ్ కంప్యుటేషన్) పరీక్ష ముందు రోజు చదివి పాసైన బ్యాచ్ మాది, అది దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

గాలిపటం99

ఔటర్ రింగ్ రోడ్ మీద మెట్రో పని ఆగుతుందా లేదా అన్నది కూడా అన్‌డిసైడబులే బ్రో. ఫాలోయింగ్.

సిరుసేరి_సుబ్బు (చెన్నై)

మంచి ప్రశ్న, వీడియోల వాళ్ళు రెండు వేర్వేరు సంగతుల్ని కలగాపులగం చేసి వదిలేస్తారు. ముందు వాటిని విడదీద్దాం, తర్వాత అవి ఎక్కడ కలుస్తాయో చూద్దాం, అసలు మజా ఆ కలిసే చోటే ఉంది.

అన్‌డిసైడబుల్ అనేది ఒక్క ప్రోగ్రాం గురించి చెప్పే మాట కాదు. ఒక్క ప్రోగ్రామే ఇస్తే నేను రెండు టూల్స్ రాసిస్తా, ఒకటి ఏమీ చూడకుండా "ఆగుతుంది" అని ప్రింట్ చేస్తుంది, రెండోది "ఆగదు" అని ప్రింట్ చేస్తుంది. రెండిట్లో ఒకటి కచ్చితంగా కరెక్ట్. ఏది కరెక్టో మనకి తెలియకపోవచ్చు, అది వేరే బాధ, కానీ సరైన జవాబిచ్చే ప్రోగ్రాం అయితే ఉంది. ఉదాహరణకి 4 నుంచి మొదలుపెట్టి సరి సంఖ్యలన్నీ ఒక్కోటీ చూస్తూ, రెండు ప్రైమ్‌ల మొత్తంగా రాయలేనిది దొరికితే ఆగిపో అని పది లైన్లలో పైథాన్ రాయొచ్చు. అది ఆగుతుందా లేదా అన్నదే గోల్డ్‌బాక్ కంజెక్చర్, 1742 నాటిది, ఇప్పటికీ తేలలేదు. 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత వరకు కంప్యూటర్‌తో చెక్ చేశారు, ఆగలేదు. అయినా సరే ఆ ఒక్క ప్రోగ్రామునీ అన్‌డిసైడబుల్ అనకూడదు. అలన్ ట్యూరింగ్ అనే లెక్కల మేధావి 1936లో తేల్చింది ఏంటంటే, ఏ ప్రోగ్రాం ఇచ్చినా, ఏ ఇన్‌పుట్ ఇచ్చినా, ప్రతిసారీ సరిగ్గా చెప్పే ఒకే ఒక్క టూల్ ఉండదు అని. మీ మేనేజర్ గారు అడిగింది సరిగ్గా దాన్నే, పాపం ఆయనకి తెలీదు.

ఎందుకు ఉండదో రెండు ముక్కల్లో. అలాంటి ఫంక్షన్ ఒకటుంది, పేరు ఆగునా అనుకోండి. నేను తిక్క అని ఇంకో ఫంక్షన్ రాస్తా, దానికి ఏ ప్రోగ్రాం ఇచ్చినా ముందు ఆగునాని పిలిచి "ఈ ప్రోగ్రాంకి దీని కోడ్‌నే ఇన్‌పుట్‌గా ఇస్తే ఆగుతుందా" అని అడుగుతుంది, ఆగుతుంది అంటే తను లూప్‌లో పడుతుంది, ఆగదు అంటే తను ఆగిపోతుంది. ఇప్పుడు తిక్కకి తిక్క కోడ్‌నే ఇవ్వండి. ఆగునా ఏ జవాబు చెప్పినా తప్పే అవుతుంది. అంతే ప్రూఫ్, ఏఐ పెట్టినా ఇదే గతి, ఎందుకంటే ఆగునా లోపల ఏముందో మనం అసలు చూడనే లేదు.

ఇక ప్రూఫ్‌ల సంగతి. ఓఎంఆర్ బస్సు పట్టుకోవాలి, రాత్రికి రాస్తా.

చిప్పుల_చిట్టి (మారతహళ్లి)

సుబ్బు గారు థియరీ చెప్తున్నారు కాబట్టి నేను నేల మీద సంగతి చెప్తా, నేను చిప్ కంపెనీలో ఫార్మల్ వెరిఫికేషన్, అంటే డిజైన్‌లో బగ్ లేదని టూల్‌తో ప్రూవ్ చేయించే పని, చేస్తా, పొద్దున లేస్తే ఇదే పని.

ఎవరో ఒకరు వచ్చి "ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామే కదా, ఫైనైట్ కదా, ఇక అన్‌డిసైడబుల్ ఎక్కడిది" అంటారు, అనకముందే చెప్పేస్తున్నా. నిజమే, మెమరీకి హద్దుంటే థియరీలో డిసైడబులే, ఒకసారి వచ్చిన స్టేట్ మళ్ళీ వస్తే లూప్ అని అర్థం. కానీ 16 జీబీ అంటే 13,700 కోట్ల బిట్లు పైనే, స్టేట్‌లు ఎన్నంటే 2ని అన్నిసార్లు హెచ్చవేసినన్ని. అన్నీ చూసి చెప్పే టూల్ రాయండి చూద్దాం. మా దగ్గర కొన్ని వేల ఫ్లాప్‌లున్న (ఒక్కోటీ ఒక బిట్ దాచుకునేది) చిన్న బ్లాక్‌కే ఈ తంటా ఉంది. సాయంత్రం అసర్షన్లు, అంటే "ఇది ఎప్పుడూ నిజం కావాలి" అనే షరతులు, పెట్టి రన్ వేసి ఇంటికెళ్తాం, పొద్దున వచ్చి చూస్తే కొన్ని ప్రూవెన్, కొన్నిటికి సీఈఎక్స్, అంటే బగ్ చూపించే వేవ్‌ఫాం, మిగిలినవి అన్‌డిటర్మిన్డ్. ఆ మూడో రకానికి టూల్ చెప్పేదల్లా "ఇన్ని సైకిళ్ల దాకా వెతికా, బగ్ దొరకలేదు" అని, అంతే. అప్పుడు మనం కూర్చుని 32 బిట్ కౌంటర్‌ని 3 బిట్‌కి కుదించడమో, మధ్యలో ఎప్పుడూ నిజంగా ఉండే చిన్న చిన్న నిజాలు కనిపెట్టి హెల్పర్ అసర్షన్లుగా ఇవ్వడమో చేస్తే ఒక్కోసారి గంటలో ప్రూవ్ అయిపోతుంది. ఆ చిన్న నిజం కనిపెట్టడమే మొత్తం ఉద్యోగం.

తమ్ముడూ, మీ మేనేజర్‌కి చెప్పాల్సింది "కుదరదు" అని కాదు. టూల్‌కి మూడు జవాబులుండాలి, ఆగుతుంది, ఆగదు, తెలీదు. మూడోదానికి ఒప్పుకుంటే మిగతా రెండిట్లో అబద్ధం చెప్పని టూల్ రాయొచ్చు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళు విండోస్ డ్రైవర్ల కోసం టెర్మినేటర్ అని అలాంటిదే చేశారు. లైనక్స్ కెర్నెల్లో ఈబీపీఎఫ్ వెరిఫయర్, అంటే కెర్నెల్ లోపల నడిపే చిన్న ప్రోగ్రాంలని ముందే చెక్ చేసేది, ఇంకా మొండిది, నీ ప్రోగ్రాం ఆగుతుందని తనకి నమ్మకం కుదరకపోతే లోడే చేయదు, అది నిజంగా ఆగేదైనా సరే. ఇథీరియం బ్లాక్‌చెయిన్ వాళ్ళయితే తేల్చే గొడవే పెట్టుకోలేదు, గ్యాస్ (ప్రతి స్టెప్పుకీ ఖర్చయ్యే రుసుము) అయిపోతే ఆగిపోవాల్సిందే.

ఒక మాట అడుగుతా, మీ రిట్రై లూప్‌లో ప్రతి చుట్టుకీ తగ్గే అంకె ఏదైనా ఉందా?

అనంత_లూప్

లేదక్కా. 200 (ఓకే అనే కోడ్) వచ్చేదాకా పంపుతూ ఉండు అని ఉంది, అంతే. అవతలి సర్వర్ రాత్రంతా 503 (ఇప్పుడు పని చేయట్లేదు అనే కోడ్) ఇచ్చింది.

చిప్పుల_చిట్టి

అయితే దానికి ట్యూరింగ్‌ని లేపక్కర్లేదు. అది ఆగుతుందో లేదో తెలియని లూప్ కాదు, ఆగడానికి దాని చేతిలో ఏమీ లేని లూప్. తగ్గుతూ పోయి, సున్నా కన్నా కిందికి వెళ్ళలేని అంకె ఒకటి చూపించగలిగితే ఆగుతుందని ప్రూఫ్ చేతికొచ్చినట్టే, టెర్మినేటర్ లాంటివి వెతికేది దాన్నే. మాక్స్ అటెంప్ట్స్ పెట్టండి, మొత్తానికి ఒక డెడ్‌లైన్ పెట్టండి, కోడ్ రివ్యూలో ప్రతి వైల్ లూప్‌కీ "తగ్గేది ఏది" అని అడగండి. పైగా మామూలు కోడ్‌లో లూప్ కౌంటర్లు ఎక్కువ శాతం కూడిక, తీసివేత, పోలికలే. పూర్ణ సంఖ్యల మీద ఆ కూడికల లోకం పూర్తిగా డిసైడబుల్ అని ప్రెస్‌బర్గర్ 1929లోనే చూపించాడు, జెడ్3 లాంటి సాల్వర్లు అలాంటివి నమిలేస్తాయి. గుణకారం కలిపితేనే కొంప మునిగేది.

సిరుసేరి_సుబ్బు

చిట్టి గారు చెప్పిన చివరి లైను బంగారం. గుణకారం కలిపాక ఎంత మునుగుతుందంటే, హిల్బర్ట్ అనే లెక్కల పెద్దాయన 1900లో ఇచ్చిన తేలని ప్రశ్నల లిస్టులో పదో ప్రశ్న, పూర్ణ సంఖ్యల గుణకాలున్న ఏ పాలినోమియల్ సమీకరణమిచ్చినా దానికి పూర్ణ సంఖ్యల్లో సాధన ఉందో లేదో చెప్పే పద్ధతి కావాలి అన్నది, అలాంటి పద్ధతే లేదని 1970లో మతియసేవిచ్ ముగించాడు, మార్టిన్ డేవిస్, హిలరీ పుట్నం, జూలియా రాబిన్సన్ అప్పటికే చాలా దూరం తెచ్చి పెట్టారు. అంటే ఇదంతా కంప్యూటర్ల గొడవ మాత్రమే అనుకోకండి, మామూలు అంకెల్లోనే ఉంది.

సరే పొద్దున వదిలేసిన చోటికి వస్తా. ప్రూఫ్ అంటే చివరికి అక్షరాల వరుస. అది సరైందా కాదా చూడటం మెషీన్ పనే, ఇది ఆక్సియం (ప్రూఫ్ లేకుండా ఒప్పుకున్న మొదటి మాట), ఇది పై రెండు లైన్ల నుంచి వచ్చింది అని టిక్కులు పెట్టుకుంటూ పోవడం. కాబట్టి ఒక ప్రోగ్రాం రాద్దాం, ఒక్క అక్షరం ఉన్నవి, రెండక్షరాలవి, మూడక్షరాలవి అంటూ రాయగలిగిన వరుసలన్నీ ఒక్కోటీ తీసి, ఇది "ఫలానా ప్రోగ్రాం ఆగుతుంది" అనే దానికి ప్రూఫా, లేక "ఆగదు" అనే దానికి ప్రూఫా అని చెక్ చేస్తూ పోతుంది. చాలా స్లో, పర్లేదు. ఇప్పుడు మీరన్నట్టే ప్రతి నిజానికీ ఎక్కడో ఒక ప్రూఫ్ ఉందనుకుందాం, యాభై ఏళ్ళకైనా వెయ్యేళ్ళకైనా. అప్పుడు ఈ వెతికే ప్రోగ్రాం ఏది ఇచ్చినా ఎప్పటికో అప్పటికి జవాబుతో బయటకొస్తుంది, అంటే ఇదే ఆగునా! అది ఉండదని ఇందాకే చూశాం కదా. కాబట్టి ఏదో ఒక ప్రోగ్రాంకి ఏ వైపూ ప్రూఫ్ లేదు.

ఆ ప్రోగ్రాం ఆగేది అయ్యే ఛాన్స్ లేదు చూడండి, ఆగేదైతే ఆగేదాకా రన్ చేసి ఆ స్టెప్పులన్నీ రాసిస్తే అదే ప్రూఫ్. కాబట్టి అది ఆగదు, ఆగదని ప్రూఫూ లేదు. లోటంతా ఒకే వైపు ఉంది. షరతులు మూడు, ప్రోగ్రాం స్టెప్పుల గురించి చెప్పగలిగేంత లెక్క ఆ సిస్టంలో ఉండాలి, మీ ఆక్సియంలు అబద్ధాన్ని ప్రూవ్ చేయకూడదు, ఏది ఆక్సియమో ఏది కాదో మెషీన్ చెప్పగలగాలి. ఇదే గోడెల్ మొదటి సిద్ధాంతం, ట్యూరింగ్ దారిలో వచ్చింది. గోడెల్ 1931లోనే, అంటే ట్యూరింగ్ కన్నా ఐదేళ్ళ ముందే, వేరే దారిలో అక్కడికి చేరాడు. కాబట్టి మీ వీడియోల్లో ఇద్దరూ సగం సగం చెప్పారు.

మీరు తెలివైనోడు అన్నారు కదా, ఆ తెలివైనోడు వచ్చి చేయగలిగింది కొత్త ఆక్సియం చేర్చడమే. చేర్చొచ్చు, తప్పేం లేదు. కానీ చేర్చిన కొత్త సిస్టం మీద కూడా ఇదే వాదన మళ్ళీ మొదటి నుంచి నడుస్తుంది, ఇంకో ప్రోగ్రాం బయటపడుతుంది.

అనంత_లూప్

ఇది ఇంత సింపుల్ అని ఎవరూ చెప్పలేదు సుబ్బు గారూ, ప్రూఫ్‌లన్నీ వెతికే ప్రోగ్రాం అన్న ముక్క దగ్గర లేచి రూంలో తిరిగినా. కానీ ఉందంటే ఉంది అన్నట్టుగా ఉంది, ఒక నిజమైన ప్రోగ్రాం, చిన్నది, ఎవరికీ తేలనిది, చేతిలో పట్టుకుని చూసేది ఏదైనా ఉందా?

సిరుసేరి_సుబ్బు

బిజీ బీవర్. టిబోర్ రాడో 1962లో పెట్టిన ఆట. ట్యూరింగ్ మెషీన్ అంటే గళ్ళున్న టేపు మీద ఒక్కో గడిలో 0 లేదా 1 చదివి, తను ఉన్న స్టేట్‌ని బట్టి ఏం రాయాలో, ఎటు జరగాలో, ఏ స్టేట్‌కి పోవాలో చూసుకునే బొమ్మ కంప్యూటర్. స్టేట్‌లు ఇన్నే అని హద్దు పెట్టి, టేపు నిండా సున్నాలతో మొదలెట్టి, చివరికి ఆగే ట్యూరింగ్ మెషీన్లలో అన్నిటికన్నా ఎక్కువ స్టెప్పులు వేసేది ఏది?

రెండు స్టేట్‌లది కాగితం మీద చేసి చూడండి, రెండు నిమిషాలు కూడా పట్టదు. స్టేట్ ఏలో ఉండి 0 చూస్తే 1 రాసి కుడికి జరిగి బీకి వెళ్ళు, 1 చూస్తే 1 అలాగే ఉంచి ఎడమకి జరిగి బీకి వెళ్ళు. బీలో ఉండి 0 చూస్తే 1 రాసి ఎడమకి జరిగి ఏకి వెళ్ళు, 1 చూస్తే ఆగిపో. ఏతో మొదలెట్టండి. ఆరో స్టెప్పులో ఆగుతుంది, టేపు మీద నాలుగు 1లు ఉంటాయి. రెండు స్టేట్‌లతో ఇంతకు మించి కుదరదు. మూడు స్టేట్‌లకి 21, నాలుగుకి 107. ఐదుకి? 1989లో మార్క్సెన్, బుంట్రాక్ 4,71,76,870 స్టెప్పులు వేసి ఆగే మెషీన్ పట్టుకున్నారు, దాన్ని మించింది లేదని తేలడానికి 2024 దాకా పట్టింది. ఐదు స్టేట్‌ల మెషీన్లు రాసుకుంటే 16 లక్షల కోట్లు పైనే వస్తాయి, అందులో ఆగని ప్రతిదాన్నీ ఇది ఆగదు, ఇందుకు అని చూపించాలి కదా. ఆన్‌లైన్లో కలిసిన వాళ్ళు, చాలామంది అమెచ్యూర్లే, రెండేళ్ళు పట్టుబట్టి పని పూర్తి చేశారు, చివరి ప్రూఫ్ కాక్ అనే ప్రూఫ్ అసిస్టెంట్‌లో రాశారు, రాసింది అసలు పేరు చెప్పని ఒక యూజర్. నాకైతే ఈ దశాబ్దంలో లెక్కల్లో ఇంతకన్నా ముచ్చటైన కథ కనపడలేదు.

ఇప్పుడు మీరడిగింది. ఆరు స్టేట్‌ల దగ్గర ఆంటీహైడ్రా అని ఒక మెషీన్ తగిలింది. టేపు గోల పక్కన పెడితే అది చేసేది ఇంతే, 8తో మొదలెట్టు, ప్రతిసారీ ఒకటిన్నర రెట్లు చెయ్, సగం మిగిలితే వదిలెయ్. 8, 12, 18, 27, 40, 60, 90, 135, 202, 303 ఇలా. పక్కన ఒక స్కోరు పెట్టుకో, సరి సంఖ్య వస్తే రెండు కలుపు, బేసి వస్తే ఒకటి తీసెయ్. స్కోరు సున్నా కన్నా కిందికి పోతే ఆగిపో. పైన రాసిన పది అంకెలకే స్కోరు 11కి చేరింది. సరి, బేసి దాదాపు సగం సగం వస్తాయనుకుంటే స్కోరు పెరుగుతూనే పోతుంది, ఇక ఆగదు. మెషీన్‌తో బోలెడంత దూరం నడిపి చూశారు, అలాగే పెరుగుతోంది. ఆగదని బెట్ కట్టమంటే నేను కడతా. ప్రూఫ్ మాత్రం ఎవరి దగ్గరా లేదు, అది తేలేదాకా ఆరో బిజీ బీవర్ అంకె తేలదు.

ఒక జాగ్రత్త, ఆంటీహైడ్రా ప్రూవ్ చేయలేనిది అని నేను అనట్లేదు, ఇంకా ప్రూవ్ కానిది అంటున్నా. మొదటిరకం, అంటే మామూలు లెక్కలన్నీ నిలబడే జెడ్ఎఫ్‌సీ ఆక్సియంలతో ఆగదని ప్రూవ్ చేయడమే కుదరనిది కావాలంటే, 2016లో యెడీడియా, ఆరన్‌సన్ 7,910 స్టేట్‌ల మెషీన్ కట్టి చూపించారు, తర్వాత వేరేవాళ్ళు దాన్ని వెయ్యి లోపుకి దించారు. వెయ్యి అంటే మన చేతిలో పట్టేంత చిన్న ప్రోగ్రామే.

మారతహళ్లి_మావయ్య

చాలా బాగా రాశారు అందరూ. నాకు అర్థమైంది ఏంటంటే మెషీన్ ప్రూవ్ చేయలేని నిజాన్ని మనిషి చూడగలడు, అంటే మనిషి బుద్ధి మెషీన్ కంటే పైదని లెక్కల్లోనే తేలిపోయింది. మన ఉపనిషత్తుల్లో నేతి నేతి అని ఎప్పుడో చెప్పింది ఇదే. ఈ ఏఐ హడావుడి చేసే పిల్లలు ఇది చదవాలి.

చిప్పుల_చిట్టి

మావయ్య గారూ, మనిషి చూడగలిగితే రాత్రి మా అన్‌డిటర్మిన్డ్ లిస్టు మీకు పంపిస్తా, పొద్దుటికి చూసి చెప్పండి 🙂

సిరుసేరి_సుబ్బు

ఉపనిషత్తుల సంగతి నేను మాట్లాడను, నాకు అంత చదువు లేదు. మనిషి పైవాడు అన్న వాదన కొత్తది కాదు, ఫిజిక్స్ మేధావి రోజర్ పెన్‌రోజ్ లాంటి పెద్దాయనే చేశారు, లాజిక్ వాళ్ళు ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఎక్కడ తేడా కొడుతుందంటే, ఆ వెయ్యి లోపు స్టేట్‌ల మెషీన్ చేసేది జెడ్ఎఫ్‌సీలో పరస్పర విరుద్ధం ఏదైనా దొరుకుతుందా అని వెతకడం, దొరికితే ఆగుతుంది. అది ఆగదు అని మీకెలా తెలుసు? జెడ్ఎఫ్‌సీలో గొడవ లేదని నమ్ముతున్నారు కాబట్టి. ఆ నమ్మకాన్ని జెడ్ఎఫ్‌సీ లోపల ప్రూవ్ చేయలేం, అది గోడెల్ రెండో సిద్ధాంతం. "గొడవ లేకపోతే ఆగదు" అన్నంతవరకు అయితే మెషీన్ కూడా ప్రూవ్ చేస్తుంది. "గొడవ లేదు" అన్నది మనం చూసిన నిజం కాదు, వందేళ్ళుగా వాడుతున్నాం, ఇంకా కొంప అంటుకోలేదు, అందుకని పెట్టుకున్న నమ్మకం.

గాలిపటం99

మరి కాక్‌లో ప్రూఫ్ రాశారు అన్నారు, ఆ కాక్ కరెక్ట్ అని ఎవరు చెప్పారు? అదీ ప్రోగ్రామే కదా. సీరియస్‌గానే అడుగుతున్నా ఈసారి.

సిరుసేరి_సుబ్బు

ఎవరూ మొత్తంగా చెప్పలేరు. కాక్ లోపల ప్రూఫ్‌ని చెక్ చేసే కెర్నెల్ అని చిన్న భాగం ఉంటుంది, నమ్మాల్సింది దాన్ని, కాస్త కంపైలర్‌నీ హార్డ్‌వేర్‌నీ. ప్రూఫ్ కనిపెట్టే భాగంలో ఎంత పెద్ద బగ్ ఉన్నా పర్లేదు, తప్పు ప్రూఫ్ తెస్తే కెర్నెల్ ఒప్పుకోదు. చిన్న కోడ్ కాబట్టి మనుషులు చదివి చూడగలరు. వందల పేజీల కాగితం ప్రూఫ్‌ని ఇద్దరు రిఫరీలు చదివి ఓకే అనడం కన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతా.

అనంత_లూప్

చివరిగా ఒకటి. ఆంటీహైడ్రా నేను నిన్న రాత్రి పైథాన్‌లో రాసి వదిలినా, స్కోరు నిజంగానే పైకే పోతాంది. ఇది ప్రూవ్ చేయడానికి అడ్డం ఏం పడుతుంది, సరి బేసి సగం సగం వస్తాయని చూపిస్తే చాలు కదా?

సిరుసేరి_సుబ్బు

చాలు, సగం సగం కూడా అక్కర్లేదు, ఎంత దూరం పోయినా సరి సంఖ్యలు మూడో వంతు కన్నా తక్కువ కావు అని చూపిస్తే చాలు. అదే రావట్లేదు. ఒకటిన్నర రెట్లు చేస్తూ పోతే అంకె చివరి బిట్ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే పరికరం లెక్కల్లో ఇప్పటిదాకా లేదు. మాలర్ 1968లో ఒకటిన్నర ఘాతాల దశాంశ భాగం మీద దీనికి చుట్టమైన ప్రశ్న ఒకటి వేశాడు, అదీ అలాగే ఉంది. కొలాట్జ్ (సరి అయితే సగం చెయ్, బేసి అయితే మూడు రెట్లు చేసి ఒకటి కలుపు, చివరికి 1కి చేరుతుందా అన్న ప్రశ్న) కూడా ఈ కుటుంబమే. మీకు నిజంగా ఇంట్రెస్ట్ ఉంటే చెన్నై వచ్చినప్పుడు సిరుసేరి సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్)లో గానీ తరమణిలోని లెక్కల పరిశోధన సంస్థ మ్యాట్‌సైన్స్‌లో గానీ ఓపెన్ టాక్స్ ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి, రెండు చోట్లా లాజిక్, ఆటోమాటా వాళ్ళు గట్టిగా ఉన్నారు. పైథాన్ స్క్రిప్ట్ మాత్రం ఆపేయండి, అంకె ప్రతి స్టెప్పుకీ అర బిట్ పైగా పెరుగుతుంది, కాసేపటికి గుణకారమే టైం మొత్తం తినేస్తుంది. బిట్‌లు బ్లాకులుగా చేసి ఒకేసారి చాలా స్టెప్పులు దూకించే పద్ధతి ఉంది, కావాలంటే కొత్త పోస్ట్ పెట్టండి, రాస్తా.